మా కోనసీమ మట్టిలో బడ్లియా పూయించినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. సీతాకోకచిలుకలు వస్తాయని ఆశపడి రెండేళ్ల కిందట ఊదాపూల బడ్లియా మొక్కలు మూడు కొన్నాను, డేవిడీ రకం. కాలవ గట్టు పక్కన బంకమట్టిలో వేసింది మొదటి వానలకే వేరు కుళ్లి పోయింది. పెరట్లో ఇసుక కలిపి ఎత్తు మడి మీద పెట్టింది బతికింది. ఆకు ఏపుగా ఉంది, పూత మాత్రం రెండే కంకులు! మూడోది బెంగళూరులో మా అక్కకిచ్చాను. ఏమీ చూసుకోకుండానే గుత్తులు గుత్తులుగా పూస్తోంది. ఫోటోలు పంపి ఏడిపిస్తోంది కూడా.

ఇంగ్లండులో ఇది పాత గోడల పగుళ్లలో, రైలు పట్టాల పక్కన కలుపులా మొలుస్తుంది. మా దగ్గరేమో అడుగు తవ్వితే చెమ్మ. కొత్త కొమ్మలకే పూస్తుందని సంక్రాంతి వెళ్లాక మోకాలెత్తుకు కత్తిరించాను. చిగుళ్లు బాగానే వచ్చాయి, ఎండలు ముదిరాక ఎర్రనల్లి పట్టింది.

పశువుల ఎరువు ఎక్కువై పూత తగ్గిందని మా ఆవిడ అనుమానం. నిజమేనా? సఖినేటిపల్లి వైపు ఇసుక నేలల్లో ఎవరైనా వేశారా? చలికాలంలో పూసే తెల్లపూల ఇంకో బడ్లియా రకం, ఆసియాటికా, మన దేశంలోనూ సహజంగా పెరిగేదే కదా, ఈ ఉక్కకి అదే నయమంటారా?