టెన్షనర్ విప్పేశాను, రాడ్ లోపలికి పోవట్లేదు

జాలారిపేట బండి:
నాది 125 సీసీ బండి, 62 వేలు తిరిగింది. నెల నుంచి పొద్దున్నే స్టార్ట్ చేయగానే బోరు పక్కన గలగల, డబ్బాలో గవ్వలు వేసి ఊపినట్టు. వేడెక్కాక తగ్గుతుంది. హనుమంతవాక దగ్గర యాక్సిలేటర్ వదిలితే మళ్ళీ మొదలు. ఆయిల్ సరిపడా ఉంది, ట్యాపెట్లు (వాల్వ్ గ్యాప్) మొన్ననే పెట్టించాను. ఇక టైమింగ్ చైనే (వాల్వులు తెరిచే క్యామ్‌ని తిప్పే గొలుసు) అనుకుని, నిన్న దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ తీశాను. చైన్‌ని తోసే రాడ్ బయటికి వచ్చి ఉంది, వేలితో ఎంత నొక్కినా పోదు. అలాగే పెట్టి బోల్టులతో లాగేయొచ్చా? సోమవారం గాజువాకలో డ్యూటీ ఉంది.

కంచరపాలెం పాత మెకానిక్:
వద్దు తమ్ముడూ. వెనక్కి పోకుండా ఉండడమే ఆ రాడ్ పని. బోల్టులతో లాగితే చైన్ బిగుసుకుపోయి అది ఆనుకునే గైడ్ పట్టీ అరుగుతుంది, లేదా టెన్షనర్ చెవి విరుగుతుంది.

టెన్షనర్ వెనక మధ్యలో చిన్న స్క్రూ తీయి, లోపల గాటు కనిపిస్తుంది. సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి గడియారం ముల్లు వైపు తిప్పితే రాడ్ లోపలికి పోతుంది. చేతిలోనే ఒకసారి వదిలి చూడు, చప్పున దూకాలి. నీరసంగా వస్తే స్ప్రింగ్ పోయినట్టే. నేనైతే బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి గాట్లో దూర్చి ఆపుతాను. కొత్త ప్యాకింగ్ వేసి, రెండు బోల్టులూ బిగించాకే రేకు లాగు. కొన్ని బళ్ళలో పళ్ళ రాడ్ ఉంటుంది, దానికి పక్క కొక్కెం నొక్కి తోయాలి.

ఇంతకీ టెన్షనర్ బయట ఉండగా కిక్ కొట్టావా?

జాలారిపేట బండి:
ఒక్కసారి అన్నయ్యా. మెల్లగానే.

కంచరపాలెం పాత మెకానిక్:
అనుకున్నాను. అయితే స్టార్ట్ చేయకు. చైన్ చక్రం మీద పన్ను దాటి ఉంటే వాల్వ్ వెళ్ళి పిస్టన్‌కి తగలొచ్చు, అప్పుడు హెడ్డు దింపాల్సిందే. టెన్షనర్ పెట్టి, ప్లగ్గు తీసి, మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే చక్రం) నట్టు పట్టి ఇంజిన్ తిరిగే వైపే చేత్తో రెండు చుట్లు తిప్పు. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలం పెట్టకు. మ్యాగ్నెట్ మీది టీ గీత (పిస్టన్ పైకొచ్చిన గుర్తు) కలిసినప్పుడు పైన క్యామ్‌ని తిప్పే పళ్ళ చక్రం గుర్తు కూడా కలవాలి. అది అవతలి వైపుంటే ఇంకో చుట్టు.

బీచ్‌రోడ్ రైడర్:
గురూ, ఆ ఆరు మిల్లీమీటర్ల బోల్టులకి 10 న్యూటన్ మీటర్లు చాలు, మణికట్టు బలం అంతే. మన ఉప్పుగాలికి తుప్పు పట్టినవే మళ్ళీ బిగించి నేను హెడ్డులో మర ఊడగొట్టుకున్నాను. అల్యూమినియం కదా.

జాలారిపేట బండి:
టీ గీత కలిసింది, పై చక్రం ఒక పన్ను వెనక ఉంది. టెన్షనర్ మళ్ళీ తీసి, చైన్ లోపలికి జారకుండా తీగ కట్టి, మా తమ్ముడు పట్టుకుంటే చక్రం సరిచేశాను. మూడుసార్లు తిప్పి చూశాను, ఎక్కడా తగల్లేదు. స్ప్రింగ్ మాత్రం మీరన్నట్టే, రాడ్ ముసలాడు కుర్చీలోంచి లేచినట్టు వచ్చింది. కొత్త టెన్షనర్, కొత్త బోల్టులు వేశాను. గలగల పోయింది. సోమవారం బస్సులో పోయాను, ఇవాళ బండి మీదే.