మన సీమ ఎండల్లో ఇటలీ బండి: సెకండ్ హ్యాండ్ స్క్రాంబ్లర్ తీసుకోవచ్చా? వాడేవాళ్లు చెప్పండి

అనంత_విజయ్‌సూపర్ (అనంతపురం):
అన్నలందరికీ నమస్తే. చానా రోజులుగా చదువుతాండా గానీ రాయడం ఇదే మొదటిసారి. బెంగళూరులో ఒకాయన దగ్గర 2017 డుకాటీ స్క్రాంబ్లర్ ఉండాది, పసుపు రంగు, 14,000 కిలోమీటర్లు తిరిగింది. పోయి చూసొచ్చినా. ఆయన స్టార్ట్ చేసినాడు, ఆ శబ్దం విన్నప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. "నేను తోలిందే తక్కువ, నెలకో రెండు సార్లు బయటికి తీస్తా, కొత్త బండి లెక్కనే ఉండాది" అంటాడు. మా ఇంట్లో మా నాయన విజయ్ సూపర్ ఇంగా ఉండాది, క్లచ్చు గేర్లు దాని మీదనే నేర్చుకున్యా, కాబట్టి పాత బండి అంటే, చేతికి గ్రీజంటితే భయపడే మనిషిని కాదు. భయమంతా ఏందంటే అనంతపురంలో ఈ బండిని ముట్టుకునే మెకానిక్ లేడు, ఏమొచ్చినా 200 కిలోమీటర్ల పైన బెంగళూరుకు పోవాల్సిందే. మే నెల ఎండలో ఎట్లుంటాది, సర్వీసుకి మీరెట్ల పోతాండారు, తీసుకునే ముందు ఏమేం చూడాల? కర్నూలు కడప అనంతపురం వాళ్లు ఎవరన్నా ఇటలీ బండ్లు వాడేవాళ్లుంటే చెప్పండి. స్కూటరైనా సరే.

బురుజు_803 (కర్నూలు):
తమ్ముడూ నాదీ అదే బండి, 2016ది, నేను కూడా సెకండ్ హ్యాండే తీసుకున్యా, ఇప్పటికి 31,000 అయింది. రంగు, టైర్లు, గీతలు అవన్నీ తర్వాత. ఒకే ఒక్క మాట అడుగు ఆయన్ని, టైమింగ్ బెల్టులు ఎప్పుడు మార్చినారు, బిల్లు ఉందా అని. "తక్కువ తిరిగింది" అన్నాడు చూడు, మనోళ్లు మోసపోయేది అక్కడే. ఆ బెల్టు రబ్బరు, దానికి కిలోమీటర్లతో పనిలేదు, వయసుతో పని. బండి కదలకుండా షెడ్డులో ఉన్నా సరే ఐదేళ్లకి మార్చాల. 2017 బండికి మొదట్నుంచి అవే బెల్టులంటే దాని గడువు ఎప్పుడో దాటిపోయినట్టు.

ఎందుకింత చెప్తాండానంటే, ఇంజనులోకి పెట్రోలు గాలి వచ్చే, పొగ పోయే తలుపే వాల్వు. మామూలు బండిలో దాన్ని క్యామ్ అనే తిరిగే గుబ్బ తెరుస్తాది, మూసేది స్ప్రింగు. డుకాటీ డెస్మో అనే పద్ధతిలో స్ప్రింగు మీద ఆధారపడరు, తెరిచేదానికి ఒక రాకరు, అంటే చిన్న మీట, మూసేదానికి ఇంకో రాకరు. ఫాబియో టాలియోని అనే ఇంజనీరు 1956లో రేసు బండికి పెట్టినాడు, ఆ రోజుల్లో ఆర్‌పీఎమ్ ఎక్కువైతే స్ప్రింగులు తట్టుకోలేక వాల్వులు టయానికి మూసుకునేవి కావు, అందుకు. ఆ క్యామ్‌లను తిప్పేది ఈ రెండు బెల్టులే, సిలిండరుకి ఒకటి. పాత డుకాటీల్లో ఆ పని గేర్లు, షాఫ్టు చేసేవి, 1979లో పాంటా అనే మోడల్ నుంచి బెల్టులొచ్చినాయి. పోయే బండిలో బెల్టు తెగిందంటే పిస్టన్ వచ్చి వాల్వును కొడతాది, ఇంగ అంతే, ఇంజను విప్పాల్సిందే.

నేను కొన్నప్పుడు అమ్మినాయన "అన్నీ చేయించినా" అన్నాడు, నమ్మినా. రెండు నెలలు తోలినాక మనసు ఒప్పుకోక పక్కన ప్లాస్టిక్ కవరు విప్పించి చూసినా. పైకి నల్లగా శుభ్రంగానే ఉండాది. బెల్టును తీసి వెనక్కి మడిచి టార్చి పట్టుకుంటే పళ్ల మొదట్లో వెంట్రుకంత సన్న పగుళ్లు, వరసగా. ఒక అంచు నూలు పోగు మాదిరి లేచిపోయింది. దాని మీద నేను శ్రీశైలం ఘాటు పోయొచ్చినా, వెనక మా ఇంటామెను కూర్చోబెట్టుకొని. ఆ రోజు నుంచి నోటి మాట ఎవరిదైనా నమ్మను, బిల్లు చూపిస్తేనే మాట.

రెండోది, ఈ బండికి 12,000కి వాల్వుల క్లియరెన్సు చూడాల, మన భాషలో ట్యాపెట్ సెట్టింగు అనుకో, కాకపోతే తెరిచే వైపు నాలుగు మూసే వైపు నాలుగు మొత్తం ఎనిమిది కొలతలు. ఊర్లో ఎంత మంచి మెకానిక్ అయినా ఈ పని తెలిసినోడైతేనే చెయ్యి పెట్టనియ్యి. ఆ 14,000 బండికి అది జరిగిందా లేదా అడుగు. జరగకుంటే బెల్టులు, వాల్వులు రెండిటి ఖర్చూ బండి ధరలో తగ్గించమని అడుగు, సిగ్గుపడాకు.

ఎండ సంగతి. దీనికి రేడియేటర్ లేదు, గాలికి చల్లబడాల్సిన ఇంజను, ముందర ఆయిల్ కూలర్ మటుకు ఉంటాది. పోతాంటే ఏం కాదు, నిలబడితేనే కష్టం. రాజ్‌విహార్ సెంటర్లో మే నెల మధ్యాహ్నం సిగ్నల్ కాడ వెనక సిలిండరు వేడి ప్యాంటు దాటి తొడకి తగులుతాది, నేనైతే ఇంజను ఆపేస్తా. ఆయిలు 15డబ్ల్యూ50, పుస్తకంలో ఉండేదే, మన ఎండకని ఇంకా చిక్కటిది పొయ్యాకు. పొద్దున 5కి బయల్దేరి 10 లోపల ఇల్లు చేరుకో, ఎండాకాలం మూడు నెలలు నాది ఇదే లెక్క.

గుత్తికోట_రోడ్డు (గుత్తి):
బురుజు అన్న చెప్పిందానికి ఒకటి కలుపుతా. కర్ణాటక బండి మనకి రావాలంటే ఆడ ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాల, ఈడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాల, ఆడ కట్టినదాంట్లో మిగిలింది వాపసు అడగొచ్చు గానీ దానికి తిరగాల. బండి రేటు మీద ఇది గుడుక వేసుకొని లెక్క చూడు. ఇంగోటి, బెల్టు మీద అనుమానం ఉంటే తోలుకొని రావద్దు, బెంగళూరులోనే మార్పించి అప్పుడు తోలు.

గువ్వలచెరువు_457 (కడప):
నా మాట కొంచెం వేరే. బ్రో ఆ పాత బండికి పెట్టే డబ్బులతో కొత్తది వారంటీతో వస్తాది కదా. నేను అప్రీలియా ఆర్‌ఎస్ 457 వాడతాండా, ఏడాదిన్నర. 2023 డిసెంబరులో వచ్చినప్పుడు 4.10 లక్షలు షోరూమ్ ధర. పేరు ఇటలీదే గానీ తయారయ్యేది మహారాష్ట్ర బారామతిలో, అందుకే ఆ రేటుకొచ్చింది. 457 సీసీ రెండు సిలిండర్లు, 47.6 హార్స్ పవర్, 175 కిలోలు. రెండు పిస్టన్లు క్రాంకు మీద 270 డిగ్రీల తేడాతో ఉంటాయి కాబట్టి శబ్దం గుడుక ఆ డుకాటీ వి-ట్విన్ (వి ఆకారంలో రెండు సిలిండర్లు) మాదిరే దడదడమంటాది.

తెల్లారుజామున గువ్వలచెరువు ఘాటు ఎక్కితే ఇది ఏం బండో తెలుస్తాది. కడప నుంచి రాయచోటి దారిలో మలుపు మీద మలుపు, ఒక మలుపులోంచి లేస్తానే ఇంకో దాంట్లోకి వాల్చాల, చెయ్యి చెప్పకముందే బండి పడుకుంటాది. పైన పాలకోవా అంగళ్ల కాడ ఆపి ఒక పొట్లం తిని మళ్లీ దిగుతా. లారీలు ఎక్కువ, మలుపుల్లో డీజిలు కారింటాది, నల్లగా మెరుస్తా ఉంటే ఆడ వాల్చొద్దండి ఎవరూ. పోయిన కార్తీకంలో నా ముందర పోయే పిల్లోడు అట్లనే జారిపోయినాడు, దేవుని దయ, మోచెయ్యి గీరుకోవడంతో పోయింది.

మన వైపు దీనికి శత్రువు దుమ్ము. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక ఒక గంట పోతే చైను బూడిద పూసినట్టయితాది, చైను లూబు మీద ఆ దుమ్ము పట్టి నూరేస్తాది స్ప్రాకెట్‌ని. నేను 500 కిలోమీటర్లకి ఒకసారి కిరోసిన్‌తో తుడిచి, ఆరబెట్టి, అప్పుడు లూబు కొడతా, దుమ్ము మీదనే లూబు కొడితే ఉపయోగం లేదు. రేడియేటర్ రెక్కల్లో పురుగులు, దుమ్ము ఇరుక్కొని ఫ్యాను ఆగకుండా తిరుగుతాంటే ఫస్టు అవి కడిగి చూడండి, ప్రెషర్ వాటర్ కొట్టొద్దు రెక్కలు వంగిపోతాయి, చిన్న పైపుతో చాలు.

లాంబీ_ప్రొద్దుటూరు (ప్రొద్దుటూరు):
స్కూటరైనా సరే అన్నావు కదబ్బీ, అందుకే రాస్తాండా. మన దేశంలో స్కూటరంటేనే ఇటలీ. బజాజ్ వాళ్లు మొదట వెస్పానే తయారు చేసినారు లైసెన్సు మీద, చేతక్ దాంట్లోంచి వచ్చిందే. మీ నాయన బండి ఉందే విజయ్ సూపర్, అది లాంబ్రెట్టా అనే ఇటలీ స్కూటరే. మిలాన్ ఊర్లో లాంబ్రాటే అనే పేట ఉండాది, ఇన్నోచెంటీ కంపెనీ 1947లో ఆడ మొదలుపెట్టింది కాబట్టి ఆ పేరు. వాళ్లు ఆపేసినప్పుడు మిషన్లతో సహా మన గవర్నమెంటు కొనుక్కొని లక్నోలో 1972లో స్కూటర్స్ ఇండియా పెట్టింది. కాబట్టి నువ్వు ఇటలీ బండి కొత్తగా కొనేదేం లేదు, చిన్నప్పట్నుంచి ఇంట్లోనే ఉండాది.

నాకు రెండుండాయి. ఒకటి 70ల నాటి లాంబ్రెట్టా, మా మామది, ఇంకోటి విజయ్ సూపర్. రెండిటికీ ఇంజను నడి మధ్యన, పైపు ఛాసీ మీద, వెస్పాకి మాదిరి కుడి పక్కకి కాదు, అందుకే రోడ్డు మీద నిలకడ. 40 ఏళ్లు చెయ్యి పెట్టినోన్ని చెప్తాండా, ఈ బండ్లు చెడిపోయేది మనం వినకపోబట్టే. ఎట్లంటే, ఒక వేసవిలో జమ్మలమడుగు పోయి వస్తాంటే యాక్సిలేటర్ వదిలినా ఇంజను దిగట్లే, ఊఊ అని పైనే తిరుగుతాంది, కేబులు ఇరుక్కుందేమోలే అని రోంత నూనె పోసి అట్లనే తోలినా, రోంత దూరం పోయినాక ఇంజను టక్కని పట్టేసింది, వెనక చక్రం జారుకుంటా పోయి ఆగింది, చేతిలో క్లచ్చు ఉండబట్టి పడలేదు. ప్లగ్గు విప్పితే సున్నం మాదిరి తెల్లగా ఉండాది. సిలిండరు గీతలు పడి మళ్లీ బోర్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాల్సొచ్చింది.

తప్పు కేబులుది కాదు, మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు ఆయిల్ సీలుది. టూ స్ట్రోకులో పెట్రోలు గాలి ముందు క్రాంకు గదిలోకి పోయి ఆడ నుంచి పైకెక్కాల, కాబట్టి ఆ గది బిగుతుగా ఉండాల. మాగ్నెట్ వైపు సీలు గట్టిపడి పెదవి అరిగిందంటే ఆడ నుంచి దొంగ గాలి వస్తాది, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ, పెట్రోలుతో పాటే పోవాల్సిన ఆయిలూ తక్కువ, ఇంగ వేడెక్కి పట్టక ఏం చేస్తాది. చైను వైపు సీలు పోతే ఇంకో రకం, గేరు ఆయిలు లోపలికి తాగేసి తెల్ల పొగ కక్కుతాది, గేరు ఆయిలు తగ్గిపోతా ఉంటాది. ఐడిల్ దిగకపోతే మాగ్నెట్ వైపు, పొగ ఎక్కువైతే చైను వైపు, ఇది గుర్తుపెట్టుకో.

ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బర్లు మెత్తబడి పోతాండాయి. పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు నేను కొత్త రకం రబ్బరువి వేయించినా. నెల రోజులు బండి తీయనంటే ట్యాప్ కట్టేసి కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజను ఆడిస్తా. ఆయిలు లీటరుకి 40 ఎమ్మెల్, మంచి కంపెనీది, బంకు కాడ కళ్లతో చూసి పోసుకుంటా.

457 తమ్మునికి ఒక మాట. వారంటీ మంచిదే, కాదనను. కానీ వారంటీ అయిపోయినాక బండి నీదే కదా, అప్పుడు దాని గురించి నీకు తెలిసిందే నిన్ను కాపాడేది.

గువ్వలచెరువు_457:
ఒప్పుకున్నా మామా. చైను దాకా నేనే చేసుకుంటాండా, వాల్వులు మటుకు షోరూమ్‌కే.

అనంత_విజయ్‌సూపర్:
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, మూడు వారాలు ఇదే పని. బురుజు అన్న చెప్పినట్టే అడిగినా, బెల్టులు మార్చలేదంట, 12,000 పని గుడుక చేయించలేదు, "అడిగినోళ్లే లేరు" అన్నాడు ఆయన, మోసమేం కాదు, నిజంగానే తెలీదు ఆయనకి. రెండు ఖర్చులూ రేట్లో తగ్గించినాడు. బండిని ట్రాలీలో ఎక్కించి వర్క్‌షాపుకి పంపి, కవరు విప్పేటప్పుడు పక్కనే నిలబడినా. బెల్టు చేతికిచ్చినారు, వేళ్లతో మడిచి చూసినా, అన్న చెప్పిన అదే వరస, పళ్ల మొదట్లో. పాత బెల్టులు రెండూ ఇంటికి తెచ్చుకున్యా, షెడ్డులో మేకుకి తగిలించినా.

శనివారం పొద్దున 4:30కి దేవనహళ్లి దాటినా. చిక్కబళ్లాపుర కాడ చలి, బాగేపల్లికి తెల్లారింది, కొడికొండ చెక్‌పోస్టు కాడ టీ. పెనుకొండ గుట్టలు కనపడేటప్పటికి ఎండ కొడతాంది గానీ ఇంజను మాత్రం ఒకే దమ్మున పోయింది. ఇంటికొచ్చేసరికి మా నాయన గేటు కాడనే ఉండాడు. చుట్టూ తిరిగి చూసినాడు, ఏం మాట్లాడలే, లోపలికి పోయి తన విజయ్ సూపర్‌ని బయటికి తోసుకొచ్చి దీని పక్కన స్టాండేసి కిక్కు కొట్టినాడు. రెండేళ్లుగా స్టార్ట్ చేయనిది, ఏడో కిక్కుకి లేచింది.

లాంబీ మామా, ఇప్పుడు నీతో పని పడింది. యాక్సిలేటర్ వదిలినా దిగట్లేదు, ఊఊ అని పైనే ఉండాది. ప్లగ్గు విప్పినా, తెల్లగా ఉండాది. వెంటనే ఆపేయించినా నాయనతో చెప్పి.

లాంబీ_ప్రొద్దుటూరు:
ఆపినావు చూడు, పిస్టన్ దక్కింది. ఇంగ కిక్కు గుడుక కొట్టొద్దు. టాటా ఏస్‌లో ఎక్కించుకొని తాడిపత్రి మీద వచ్చెయ్, మీ నాయన్ని గుడుక పిల్చుకురా. మాగ్నెట్ ఊడబీకే పుల్లర్ నా దగ్గర ఉండాది, రెండు వైపులవీ సీళ్లు నేను తెప్పించి పెడతా. ఊర్లో ఎవరన్నా సుత్తితో కొట్టి మాగ్నెట్ తీస్తామంటే ఒప్పుకోవద్దు, క్రాంకు వంకరపోతాది. ఆదివారం 8 లోపల రండి, ఎండెక్కకముందే విప్పుదాం.