గమ్యమా, మజిలీనా? తొలి క్రాస్ కంట్రీలకు తెలుగు మాట

అక్షరతోరణం:
అందరికీ నమస్కారం. డల్లాస్‌కు ఉత్తరాన మెకిన్నీ ఎయిర్‌పోర్ట్ నుంచి చిన్న విమానాలు అద్దెకు తీసుకుని నడిపే తెలుగువాళ్ల కోసం ఒక కరపత్రం తయారవుతోంది. ప్రైవేట్ పైలట్ సర్టిఫికెట్ చేతికొచ్చాక మొదటి నాలుగైదు క్రాస్ కంట్రీలకు ఎక్కడికెళ్లాలన్నది విషయం. ముసాయిదాలో క్రాస్ కంట్రీకి "దేశాంతర విమానయానం" అని పడింది. చదివినవాళ్లు వీసా కావాలా అని అడుగుతున్నారు! "పొరుగూరి ప్రయాణం" అంటే నప్పుతుందా? ఇంకోటి, డెస్టినేషన్‌కు గమ్యం అనాలా, మజిలీ అనాలా?

పాతపైలట్:
దేశాంతరం కొట్టేయండి. అమెరికా నియమంలో క్రాస్ కంట్రీకి దేశంతో పనేలేదు. బయల్దేరిన చోట కాక ఇంకోచోట దిగితే చాలు, మామూలు లెక్కకి అది క్రాస్ కంట్రీయే. ఆ వరకూ "పొరుగూరు" నడుస్తుంది. కానీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు (మబ్బుల్లోనూ పరికరాలు చూసి నడిపే అర్హతకు) కమాండ్‌లో ఉండి, అంటే విమానం బాధ్యత మనదై, చేసిన 50 గంటల క్రాస్ కంట్రీ కావాలి. ఆ లెక్కలో చేరాలంటే, మొదట బయల్దేరిన చోటి నుంచి సరళరేఖలో 50 నాటికల్ మైళ్లు (ఒకటి దాదాపు 1.85 కిలోమీటర్లు, ఇకపై మైళ్లన్నీ ఇవే) మించిన చోట దిగి తీరాలి. కొత్తవాళ్లు బోల్తాపడేది ఇక్కడే. మెకిన్నీ నుంచి గెయిన్స్‌విల్ దాదాపు 42 మైళ్లు. షెర్మన్ దగ్గరి నార్త్ టెక్సస్ రీజినల్ 32. రెండూ ప్రాక్టీసుకు చక్కటి చోట్లే, రేటింగ్ లెక్కకు మాత్రం సున్నా. పారిస్ (టెక్సస్‌దే లెండి) 63, కాబట్టి పనికొస్తుంది. దారిలో షెర్మన్‌లో ఓసారి దిగి పారిస్ వెళ్లినా పర్వాలేదు, కొలత మెకిన్నీ నుంచే. కరపత్రంలో "దూరయానం" అని వాడి, పక్కన ఈ 50 మైళ్ల సంగతి రాయండి. పొరుగూరు, దూరయానం రెండూ వేర్వేరుగా ఉంటే చదివేవాడికి తేడా తెలుస్తుంది.

మాటలమూట:
దూరయానం బాగుంది. గమ్యం, మజిలీ దగ్గర నా ఓటు మజిలీకే. గమ్యం అనగానే చేరకపోతే ఓడిపోయినట్టు వినిపిస్తుంది. మజిలీ అంటే దారిలో ఆగే చోటు, ఇవాళ ఇది కాకపోతే ఇంకోటి. తమాషా ఏమిటంటే మజిలీకి మూలం మంజిల్. ఉర్దూలో ఇప్పుడు దాన్ని గమ్యమనే వాడతారు. మన దగ్గరికొచ్చేసరికి అది విడిదిగా మారింది.

చుక్కానిపట్టు:
మాటలమూట గారూ, మజిలీ అంటే రాత్రికి బస అనే వాసన ఉందండీ. మొదటి దూరయానాల్లో రాత్రి బస పెట్టుకోకూడదన్నది అసలు సలహా. మర్నాడు పొద్దున ఆఫీసు ఉంటుంది, మబ్బులు కిందికి దిగి ఉంటాయి, అయినా విమానం తీసేద్దామనిపిస్తుంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తేమతో దక్షిణపు గాలి వీచే వసంతకాలంలో ఉత్తర టెక్సస్‌లో ఇది మామూలే. పొద్దున ఎనిమిదింటికి 800 అడుగుల్లో బూడిదరంగు కప్పు, పదకొండింటికి నీలాకాశం. ఆ మూడు గంటలు ఓపిక పట్టలేకపోవడమే ప్రమాదం. బస పెట్టుకుంటే మర్నాటి పని కూడా పెట్టుకోకండి.

పాతపైలట్:
మాట సంగతి అలా ఉంచి, మెకిన్నీ నుంచి తొలి చోట్లు ఎలా ఎంచుకోవాలో చెప్తాను. కరపత్రంలో సగం ఇదే ఉండాలి.

దక్షిణం దాదాపు మూసేసిన దిక్కు. డల్లాస్–ఫోర్ట్ వర్త్ చుట్టూ బి తరగతి గగనతలం (పెద్ద ఎయిర్‌పోర్ట్ చుట్టూ కంట్రోలర్ల అదుపులో ఉండేది) ఉంది, మెకిన్నీ దాని అంచు కిందే. "క్లియర్డ్" అన్న మాట చెవిన పడకుండా లోపలికి పోకూడదు. కంట్రోలర్ మన కాల్ సైన్ (విమానం రేడియో పేరు) పలికితే చాలనుకోవడం అంతకన్నా చిన్న ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే సి తరగతికి చెల్లుతుంది, బి తరగతికి చెల్లదు. పైగా ఆర్లింగ్టన్‌లో పెద్ద మ్యాచ్ ఉంటే స్టేడియం చుట్టూ 3 నాటికల్ మైళ్లు, నేల నుంచి 3,000 అడుగుల వరకు, ఆటకు గంట ముందు నుంచి గంట తర్వాత దాకా నిషేధం. కాబట్టి దక్షిణాన ఉన్న వేకో ఎంత బాగున్నా మొదటి మూడిట్లో పెట్టకండి.

మిగిలిన దిక్కుల్లో మూడు చోట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. ఉత్తరాన ఆర్డ్‌మోర్, 71 మైళ్లు. తూర్పున పారిస్. ఆగ్నేయాన టైలర్, 78. ఆ పొద్దున గాలి, మబ్బు చూసి మూడిట్లో ఒకటి తీసుకోవాలి. ఏ ఎండకా గొడుగు అన్నది మామూలుగా ఎత్తిపొడుపు మాటే గానీ, పైలట్‌కు అదే మర్యాద.

మూడిట్లో నా మొదటి ఎంపిక టైలర్. బయల్దేరగానే లావన్ సరస్సు, సగం దారిలో టవాకొని సరస్సు. రెండూ మ్యాప్‌లో గీసుకున్న దారి గీత మీదే దాదాపుగా ఉంటాయి, పొగమంచు లేని రోజున తప్పిపోవాలన్నా కుదరదు. ఉత్తరం పక్క గ్రీన్‌విల్, దక్షిణం పక్క టెరెల్, రెండూ గీతకు పన్నెండు మైళ్ల లోపే. అంటే సగం దారిలో ఇంజిన్ ఆయిల్ ప్రెషర్ ముల్లు పడిపోతున్నా, వెంట వచ్చినవారికి కడుపులో తిప్పినా, పట్టుమని పది నిమిషాల్లో నేల దొరుకుతుంది. టైలర్‌లో కంట్రోల్ టవర్ ఉంది, ఒకదానికొకటి అడ్డంగా పోయే రన్‌వేలున్నాయి. గాలి దిక్కు మారినా ఒకటి కాకపోతే ఒకటి నప్పుతుంది.

ఆర్డ్‌మోర్‌లో ఒక చిక్కు. ఆ ఊరికి రెండు ఎయిర్‌పోర్టులు. మున్సిపల్ అనేది ఊరికి దూరంగా ఈశాన్యంలో ఉంటుంది, డౌన్‌టౌన్ అనేది ఇంకోటి. ఊరు కనపడగానే మొదట దొరికిన రన్‌వే వైపు తిరిగితే తప్పు చోట దిగుతారు. రన్‌వే నంబరును దిక్సూచితో సరిపోల్చాకే కిందికి దిగాలి.

ఎదురుగాలి:
పాతపైలట్ గారూ, గాలి లెక్క మీరు తేలిగ్గా దాటేశారు. ముందు ఒక భాషా మనవి: వేగానికి "నాట్లు" అని రాయొద్దు, మన వాళ్లకు వరినాట్లే కళ్లముందుకొస్తాయి. "నాట్స్" (గంటకు ఇన్ని నాటికల్ మైళ్లు) అనండి. హెడ్‌విండ్‌కు ఎదురుగాలి ఉండనే ఉంది. టెయిల్‌విండ్ వెనకగాలి, క్రాస్‌విండ్ అడ్డగాలి. ఈ మూడూ పల్లెలో ఎవరికి చెప్పినా అర్థమవుతాయి.

ఇక లెక్క. గాలిలో 110 నాట్స్ పోయే సెస్నా 172కు (నలుగురు పట్టే చిన్న విమానం) పైన 20 నాట్స్ దక్షిణపు గాలి ఉందనుకోండి. ఆర్డ్‌మోర్ వెళ్లేటప్పుడు వెనకగాలి దాదాపు పూర్తిగా కలిసొస్తుంది, నేల వేగం 130, 33 నిమిషాలు. తిరుగుప్రయాణంలో 90, 47 నిమిషాలు. వెళ్లిన వేగం చూసి మురిసి, ఇంటికి తిరిగొచ్చే ఇంధనం తక్కువ అంచనా వేసేవాళ్లు ఎక్కువ. అందుకే తొలినాళ్లలో కుదిరితే ఎదురుగాలిలోకి వెళ్లే చోటునే ఎంచుకోవాలి. కష్టం ముందే తీరిపోతుంది, అలసిన వేళకు గాలి తోడొస్తుంది. టెక్సస్‌లో ఆ ఎదురుగాలి దిక్కు తరచూ దక్షిణమే, అది మీరన్నట్టు మూసేసిన దిక్కు. అలాంటప్పుడు తూర్పున పారిస్ రాజీ. పోను రాను గాలి పక్కనుంచే, రెండు సగాలూ ఇంచుమించు సమానం. రన్‌వే మీద అడ్డగాలి సంగతి మాత్రం చూసుకోవాలి: 20 నాట్స్ గాలి రన్‌వేకు 30 డిగ్రీల్లో ఉంటే అడ్డభాగం 10, 45 డిగ్రీలైతే 14, 60 డిగ్రీలైతే 17. సెస్నా 172ఎస్ పుస్తకంలో పరీక్షించి చూపించిన అడ్డగాలి 15. అది తయారీదారు పైలట్ చేసి చూపినది. కొత్తవాడు తన హద్దు 8 దగ్గర గీసుకుంటే నష్టమేమీ లేదు.

అక్షరతోరణం:
చాలామంది మధ్య టెక్సస్‌లోని ఫ్రెడరిక్స్‌బర్గ్ అడుగుతున్నారు. ఎయిర్‌పోర్ట్‌లోనే డైనర్, పక్కనే హ్యాంగర్ రూపంలో కట్టిన హోటల్. మొదటి నెలలోనే భార్యాపిల్లలతో వెళ్తామంటున్నారు.

ఎదురుగాలి:
దూరపు కొండలు నునుపు! మెకిన్నీ నుంచి దాదాపు 212 మైళ్లు. అదే 20 నాట్స్ పూర్తిగా ఎదురుగాలి అయితే వెళ్లడానికి 2 గంటల 21 నిమిషాలు, రావడానికి గంటా 38. మొత్తం దాదాపు నాలుగు గంటలు. గంటకు 9 గ్యాలన్ల చొప్పున 36. సెస్నా 172ఎస్ నిండా పోస్తే వాడుకోగలిగింది 53 గ్యాలన్లు, కానీ నలుగురు కూర్చుంటే నిండా పోయడానికి బరువు ఒప్పుకోదు. గ్యాలన్ 6 పౌండ్లు. ట్యాంకులో గుర్తు వరకు పోస్తే 35 గ్యాలన్లే. అంటే అక్కడ తప్పకుండా ఇంధనం పోయించుకోవాలి. పగటి పూట చట్టం అడిగే నిల్వ 30 నిమిషాలే, కొత్తవాడికి గంట ఉంచుకొమ్మంటాను.

పైగా దారి ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరపు నియంత్రిత (రెస్ట్రిక్టెడ్) గగనతలం దగ్గర్లోంచి పోతుంది, ముందు బి తరగతిని దాటడమో, చుట్టి పోవడమో కావాలి. ఎత్తూ ఉంది: ఫ్రెడరిక్స్‌బర్గ్ రన్‌వే సముద్రమట్టానికి సుమారు 1,700 అడుగులు. ప్రామాణిక వేడి (ఆ ఎత్తులో లెక్క ప్రకారం ఉండాల్సిన వేడి) మీద ప్రతి సెల్సియస్ డిగ్రీకి 120 అడుగులు కలపాలి. మధ్యాహ్నం 35 డిగ్రీలుంటే విమానం అది 4,500 అడుగుల ఎత్తు అనుకుంటుంది. మెకిన్నీలో అదే వేడికి 3,100. నిండు బరువుతో, రన్‌వే చివరన చెట్లుంటే ఈ తేడా తెలుస్తుంది. ఇది అయిదో ప్రయాణానికో ఆరోదానికో ఉంచుకోండి. మొదట ఒంటరిగా, తర్వాత ఒక్కరితో, ఆ తర్వాతే కుటుంబంతో. తొంభై రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు లేకపోతే ఎవర్నీ ఎక్కించకూడదని మీకు తెలిసిందే.

మాటలమూట:
డెన్సిటీ ఆల్టిట్యూడ్‌కు మాట ఏం పెడతారు? సాంద్రతా ఉన్నతి అంటే ఎవరూ చదవరు.

ఎదురుగాలి:
"విమానానికి తోచే ఎత్తు" అని ఒక్కసారి వివరించి, తర్వాత డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే రాసేయండి. పరికరాలు, రేడియో మాటలు తెలుగు చెయ్యబోతే రేపు కంట్రోలర్ చెప్పేది అర్థంకాక చస్తారు.

నేలమీది_పని:
నేల మీది సంగతులు ఎవరూ రాయలేదు. కొత్తవాళ్లు ఇబ్బందిపడేది గాలిలో కన్నా ఇక్కడే ఎక్కువ.

చిన్న ఊళ్లలో ఇంధనం పంపు మనమే కార్డు గీకి నడుపుకునేది. పంపు పాడైందనో, కార్డు యంత్రం పనిచెయ్యడం లేదనో నోటమ్‌లలో (పైలట్ల కోసం వెలువడే హెచ్చరికల్లో) ఉంటుంది, చదవకుండా వెళ్లకండి. ముందు రోజు ఫోన్ చెయ్యండి: పంపు నడుస్తోందా, ఆఫీసు ఎన్నింటికి మూస్తారు, ఊళ్లోకి పోవడానికి వాళ్ల కారు ఇస్తారా, విమానం కట్టడానికి తాళ్లున్నాయా. మన తాళ్లు మూడు వెంట ఉంచుకోవడం మంచిది. ఊళ్లో భోంచేసి వచ్చేసరికి గేటు మూసి ఉంటే, తీసే అంకెలు తెలియక కంచె బయట నిలబడాలి. బయటికి పోయేటప్పుడే ఆ అంకెలు ఫోన్‌లో రాసుకోండి. రెస్టారెంట్ కోసమే వెళ్తుంటే సోమ, మంగళవారాల్లో తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి. ఆన్‌లైన్ వేళల్ని నమ్మొద్దు.

టవర్ లేని చోట ఒకే ఫ్రీక్వెన్సీ మీద నాలుగు ఊళ్ల వాళ్లు మాట్లాడుతుంటారు. అందుకే ప్రతి పిలుపు మొదట్లోనూ చివరా ఊరి పేరు చెప్పాలి. పది మైళ్ల దూరం నుంచే మొదలుపెట్టండి. సర్క్యూట్ (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారి) ఎడమా కుడా అన్నది చార్ట్ సప్లిమెంట్‌లో (ఎయిర్‌పోర్టుల వివరాల పుస్తకంలో) చూసి మోకాలి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి: వెడల్పు రన్‌వేకు అలవాటుపడిన కంటికి సన్నటి రన్‌వే చూడగానే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు అనిపిస్తుంది. తగ్గించేస్తారు, చివరకు మరీ కిందినుంచి వస్తారు. మెకిన్నీలో నేర్చుకున్నవాళ్లకు ఇది ముందే చెప్పాలి. లేక్ టెక్సోమా ఒడ్డున సీడార్ మిల్స్ గడ్డి రన్‌వే ఊరిస్తుంటుంది, అద్దె విమానమైతే గడ్డి మీద దిగొచ్చో లేదో ఒప్పందంలో చూడండి. చాలా చోట్ల వద్దనే ఉంటుంది.

మాటలమూట:
డైవర్ట్‌కు? "దారి మళ్లింపు" అంటే రోడ్డు పనుల బోర్డు గుర్తొస్తోంది.

పాతపైలట్:
"వేరే చోట దిగడం" చాలు. మాట కన్నా గడువు ముఖ్యం. టైలర్ ప్రయాణంలో టవాకొని సరస్సు దగ్గర గడియారం చూడండి. అనుకున్న వేళకు అయిదు నిమిషాలు మించి ఆలస్యమైందా, మబ్బు కింద 1,000 అడుగుల ఖాళీ లేదా, ఇంధనం అంచనా తప్పిందా? మూడిట్లో ఒక్కటి అవునన్నా గ్రీన్‌విల్‌కో టెరెల్‌కో తిరగాలి. ఇది ఇంట్లో కూర్చుని ముందే రాసుకుంటే గాలిలో వాదన ఉండదు. ఎత్తు కూడా ముందే: టైలర్ వెళ్లేటప్పుడు అయస్కాంత దిశ 126 డిగ్రీల దగ్గర, అంటే తూర్పు వైపు, కాబట్టి బి తరగతి అంచు దాటాక తూర్పుకు పోయేవాళ్ల ఎత్తులు, 3,500 లేదా 5,500 అడుగులు. వచ్చేటప్పుడు పడమర వైపు కాబట్టి 4,500. దారి పొడుగునా రీజినల్ అప్రోచ్‌ను (డల్లాస్ ప్రాంతపు రాడార్ కంట్రోలర్లను) ఫ్లైట్ ఫాలోయింగ్, అంటే రాడార్‌లో మనల్ని కనిపెట్టి ఉండే సేవ, అడగండి. పని ఒత్తిడిలో ఉంటే కాదంటారు, అప్పుడు పది నిమిషాలాగి మళ్లీ అడగాలి.

చుక్కానిపట్టు:
కరపత్రం చివర ఫ్లైట్ ప్లాన్ మాట చేర్చండి. విజువల్ ఫ్లైట్ ప్లాన్ (కంటిచూపుతో నడిపే ప్రయాణం వివరాలు ముందే ఇచ్చే పత్రం) దాఖలు చేసినంత మాత్రాన చాలదు, బయల్దేరాక తెరవాలి, దిగాక మూయాలి. టవర్ ఉన్నా దానంతటది మూసుకోదు. చెప్పిన వేళ దాటి అరగంట గడిస్తే వాకబు మొదలవుతుంది.

అక్షరతోరణం:
చేరుస్తాను. దూరయానం ఖాయం. మజిలీని అలాగే ఉంచి, రాత్రి బస కాదని పక్కన రాస్తున్నాను. గమ్యాన్ని ఫ్రెడరిక్స్‌బర్గ్ పేజీలో మాత్రం వాడుతున్నా, మాటలమూట గారు కోప్పడకూడదు.