అప్‌డేట్: పిస్టన్ రింగ్ గ్యాస్ సీలింగ్ డిజైన్‌కి పేటెంట్ వస్తుందా అని అడిగా కదా, తేలింది

ఇంజిన్‌లో పిస్టన్ చుట్టూ ఉండి గ్యాస్ కారకుండా ఆపేదే పిస్టన్ రింగ్. పిస్టన్ పైనుంచి సన్న రంధ్రాలు పెట్టి గ్యాస్‌ని రింగ్ వెనక్కి పంపడం, రింగ్ రెండు చివరల మధ్య ఉండే గ్యాప్‌ని ఇంకో పల్చటి రింగ్‌తో మూయడం, ఇదీ నా డిజైన్. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పేటెంట్ల వర్గీకరణలో పిస్టన్ రింగులుండే ఎఫ్16జే 9 క్లాస్‌లో వెతకమన్నదే పనికొచ్చింది, నా పేటెంట్ ఏజెంట్ కూడా అక్కడే మొదలెట్టారు, గ్యాస్ ప్రెజర్‌తో రింగ్‌ని సిలిండర్ గోడకి నొక్కించడం ఎల్ ఆకారం డైక్స్ రింగ్‌లో ఎప్పట్నుంచో ఉందట, గ్యాప్ మూసే రెండు ముక్కల రింగులూ పాతవేనట, రెండూ కలిపితే అదేం గొప్ప, ఈ పని తెలిసిన ఎవరికైనా తడుతుంది అని పేటెంట్ ఆఫీసువాళ్లు అంటారట, అంటే ఇన్వెంటివ్ స్టెప్ (తేలిగ్గా తట్టని కొత్తదనం ఉండాలనే షరతు) దగ్గరే పోతుంది. (రెండు రోజులు మొహం వేలాడేసుకున్నా లెండి.) మిగిలింది గ్యాప్ దగ్గర నేను పెట్టిన ఏటవాలు మెట్టు, వేడికి రింగ్ చివరలు జరిగినా ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, అచ్చం అలాంటిది సెర్చ్‌లో దొరకలేదు, క్లెయిమ్ దానికే కుదించి ఫైల్ చేశాం. ప్రోటోటైప్ లేదే, బ్లో-బై (రింగులు దాటి కిందికి కారే గ్యాస్) కొలతలు లేవే అని పడ్డ టెన్షన్ దండగ, బొమ్మలూ పూర్తి వివరణా చాలన్నారు.