ఐదు తీగల బేస్‌కు మారాలా, ఉన్న బేస్‌కే మందమైన తీగలు వేయించాలా?

పన్నెండేళ్లుగా నాలుగు తీగల బేస్ గిటారే వాయిస్తున్నాను. ఈమధ్య మా గాయని గొంతుకు అనువుగా చాలా పాటలకు శ్రుతి తగ్గించవలసి వస్తున్నందున, 41 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయే ఇ తీగ చాలక, 31 హెర్ట్జ్ ప్రాంతంలో పలికే బి తీగ అవసరం తరచుగా కలుగుతోంది.

అరువు తెచ్చుకున్న, 34 అంగుళాల స్కేలు (తీగలో మోగే భాగం పొడవు) ఉన్న ఐదు తీగల బేస్‌తో రెండు కచేరీలు చేశాను. ఇంట్లో నిండుగా వినిపించిన బి తీగ, వేదికపై కిక్ డ్రమ్‌తో కలిసేసరికి ఏ స్వరమో పోల్చుకోలేని గుడగుడగా మారింది. పైగా చేయి వదిలితే చాలు బేస్ మెడ నేలవైపు వాలిపోతుండడంతో, మూడు గంటల కార్యక్రమం ముగిసేసరికి ఎడమ భుజం పట్టేసింది.

35 అంగుళాల స్కేలులో తీగ బిగువు పెరుగుతుందని తెలుసు. కానీ ఆ తేడా వేదికపై వినిపించేంతగా ఉంటుందా? లేక నా పాత బేస్‌కే నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాళ్లు వెడల్పు చేయించి, బి, ఇ, ఎ, డి తీగలు వేసుకుని, నేను అరుదుగా వాడే జి తీగను వదులుకోవడమే మేలా? రెండు పద్ధతులూ ప్రయత్నించినవారు, ముఖ్యంగా వారానికి రెండు మూడు కచేరీలు చేసేవారు, తాము వాడే తీగల మందంతో సహా తమ అనుభవాన్ని తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.