బర్డ్ నెస్ట్ ఆకు వెనక గోధుమ గీతలు... పురుగేనా?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
మా తమ్ముడు కడియం నర్సరీ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బర్డ్ నెస్ట్ ఫెర్న్ ఇది. మూడు నెలలు ఏ పేచీ పెట్టలేదు. మొన్న ఆకు తిప్పితే వెనక సన్నటి గోధుమ గీతలు, నడిమి ఈనె నుంచి అంచు వైపు ఏటవాలుగా, దువ్వెన పళ్లలా. పురుగనుకుని వేపనూనె కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. గోధుమరంగు పొడి చేతికంటింది. మా అత్తమ్మేమో "చెట్ల మీద మొలిచే బదనిక జాతి, పారేయ్" అంటున్నారు. పైగా ఆకుల కొసలు మాడుతున్నాయి. ఎండ తగలదు, కూలర్ ముందే పెట్టాను. నీళ్లు నడిమి గూట్లోనే పోస్తున్నాను, పేరే గూడు కదా!

బాటనీ మాస్టారు (చంద్రపూర్):
అమ్మా, మీరు బ్రష్‌తో రుద్దింది దాని సంతానాన్ని. పువ్వూ విత్తనం లేని మొక్క, ఆ పొడే సిద్ధబీజాలు. పురుగైతే ఎక్కడపడితే అక్కడ అంటుకుంటుంది, ఇలా స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు.

బదనిక కాదు. అది మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఇది చెట్టు పంగలో ఊరికే కూర్చుంటుంది. పైనుంచి రాలిన ఆకులు గూట్లో పడి కుళ్లితే అదే ఎరువు. బోర్నియో దీవి అడవుల్లో ఒక్కో గూడు తడిబరువు 200 కిలోల దాకా తూగుతుంది. అక్కడి చెట్ల తలల్లో బతికే పురుగూపుట్రా మొత్తం బరువులో దాదాపు సగం ఈ గూళ్లలోనే ఉందని 2004లో నేచర్ పత్రికలో లెక్క వచ్చింది.

కూలర్ బాధితుడు (బల్లార్షా):
అక్కా, ముందు కూలర్ దగ్గర్నుంచి తీసెయ్. ఆ గాలి విసురుకు ఆకు ఆరిపోతుంది. దీనికి కావాల్సింది చల్లగాలి కాదు, తేమ. బాత్రూం కిటికీ దగ్గర వెలుతురుంటే అక్కడ పెట్టు. గూట్లో నీళ్లు ఆపేయ్, చుట్టూ మట్టికి పొయ్యి. నేనూ నీలాగే పోశాను. ఒకరోజు మొవ్వు పట్టుకుంటే జారి చేతిలోకొచ్చింది, కుళ్లిన క్యాబేజీ కంపు.

ప్రాణహిత ఒడ్డు:
ఇప్పుడే నొక్కి చూశాను, మొవ్వు గట్టిగానే ఉంది. బాత్రూం కిటికీలోకి మార్చేశాను. మాస్టారూ, మీరు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. "200 కిలోలా? అయితే ఇంట్లో అసలే వద్దు" అన్నారు.