కర్నూలు నుంచి వచ్చి నెలే అయింది, ఇక్కడి బడి హోంవర్క్ అర్థం కావడం లేదు

కర్నూలు అమ్మ, రెడింగ్:

అక్కలకు, అన్నలకు నమస్కారం. మాది కర్నూలు, సి క్యాంపు దగ్గర. మా ఆయన ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చి సరిగ్గా నెల అయింది. ఊరి పేరు అక్షరాల్లో చూసి నేను రీడింగ్ అంటుంటే, కాదమ్మా రెడింగ్ అనాలి అని పాప రోజూ దిద్దుతోంది. పాపకు ఎనిమిదేళ్లు, ఇయర్ ఫోర్‌లో వేశారు. బాబుకు నాలుగు నిండాయి, రిసెప్షన్, అంటే ఇయర్ వన్ కంటే ముందు క్లాసు.

కర్నూల్లో పాపకు రోజూ మూడు నాలుగు నోటుపుస్తకాల హోంవర్క్ వచ్చేది. ఏది ఎన్నిసార్లు రాయాలో డైరీలో ఉండేది. ఇక్కడ శుక్రవారం ఒక్క కాగితం ఇస్తున్నారు. పది స్పెల్లింగులు, ఎక్కాలు, దాని కింద "ఇంట్లోవాళ్లతో కలిసి ఏదైనా వండి, ఎలా వండారో రాయండి" అని ఉంది. ఇదేం హోంవర్కో! బాబుకు ఇచ్చిన పుస్తకంలో అయితే బొమ్మలు తప్ప ఒక్క మాట కూడా లేదు. తప్పు పుస్తకం ఇచ్చారేమో అనుకున్నా. దాంతోపాటు రీడింగ్ రికార్డ్ అని చిన్న పుస్తకం పెట్టారు, అందులో నేను రాసి సంతకం చేయాలంట. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. ఏం రాయాలి? పిల్లలు వెనకబడిపోతారేమోనని టెన్షన్‌గా ఉంది. ట్యూషన్ పెట్టించమంటారా?

అనంతపురం అక్క, లీడ్స్:

చెల్లీ, ట్యూషన్ మాట ఇప్పుడే ఎత్తకు. పన్నెండేళ్ల కింద నేనూ ఇట్లే కంగారు పడినదాన్నే. ఇప్పుడు ఒక ప్రైమరీ బడిలో టీచింగ్ అసిస్టెంట్‌గా చేస్తున్నా. అందుకే ఇంటి వైపు నుంచీ, బడి వైపు నుంచీ చూసి చెప్తున్నా.

ఇంగ్లండ్‌లో ప్రైమరీ పిల్లలకు హోంవర్క్ ఇవ్వాలని చట్టమేం లేదు. ఏ వయసు పిల్లలకు ఎంతసేపు అని ఒకప్పుడు ప్రభుత్వం సూచనలు ఉండేవి, 2012లో వాటినీ తీసేశారు. ఇప్పుడంతా హెడ్‌టీచర్ ఇష్టం. వేరే బడికి పోయే పక్కింటి పిల్లకు వచ్చినంత మీ పాపకు రాలేదని పోల్చుకోకు. మీ బడి వెబ్‌సైట్‌లో హోంవర్క్ పాలసీ ఉంటుంది, తీరిగ్గా చదువు. కాస్త అటూ ఇటూగా అందరూ ముందు రాసేది ఒకటే, రోజూ చదివించమని.

ఇక ఆ మాటల్లేని పుస్తకం. తప్పుగా రాలేదమ్మా, కావాలనే ఇచ్చారు. పేజీ ఎటు నుంచి తిప్పాలి, ఈ బొమ్మలో ఏం జరిగింది, తర్వాత ఏం కావచ్చు అని పిల్లవాడితో కథ చెప్పించడానికే అది. తెలుగులోనే చెప్పించు. "ఆ కుక్క యాడికి పోతాంది రా? బూటు ఎందుకు ఎత్తుకుపోయింది?" అని అడుగు. నాలుగైదు రోజుల్లో వాడే నీకు అడ్డం తగిలి కథ మార్చేస్తాడు. రికార్డులో ఏం రాయాలంటావా? "బాబు కథంతా తెలుగులో చెప్పాడు, కుక్క అంటే నవ్వాడు" అని వచ్చిన ఇంగ్లీషులో ఒక్క లైను రాసి సంతకం పెట్టు. నీ గ్రామర్ ఎవరూ దిద్దరు. పిల్లవాడు ఇంట్లో పుస్తకం తెరిచాడా లేదా, ఎక్కడ ఆగిపోయాడు అన్నదే మాకు కావాలి. "ఈ పేజీ కష్టమైంది" అని రాస్తే ఇంకా సంతోషం. అన్నీ బాగున్నాయని రోజూ రాసేవాళ్ల పుస్తకాలు చూసి మాకు తెలిసేది ఏమీ ఉండదు.

తర్వాత బాబుకు ఫోనిక్స్ మొదలవుతుంది. మనవాళ్లందరూ తడబడేది ఇక్కడే. ఎల్‌కేజీలో ఏ, బీ, సీ అని అక్షరాల పేర్లు నేర్పించి ఉంటావు. ఇక్కడ ముందు పేర్లు కాదు, శబ్దాలు. ఎక్కువ బడుల్లో ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్‌లతో మొదలుపెడతారు. మన తెలుగు హల్లులో "అ" దాక్కుని ఉంటుంది కదా, అందుకని ఆ శబ్దాలు మనం "స", "ట", "ప" అనేస్తాం. అట్ల పలికితే "స-ఇ-ట" కలిపినప్పుడు పిల్లవాడికి "సిట్" వినబడదు. పొల్లు గుర్తు చేసుకో. స్, ట్, ప్. చిన్నప్పుడు మన టీచర్ పొల్లు పెట్టించింది ఇందుకే అనుకో, సరిపోతుంది. ఇయర్ వన్ చివర, జూన్‌లో, ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్ అని ఒకటి పెడతారు. 40 మాటలు చదవాలి, అందులో 20 అర్థంలేని ఉత్తుత్తి మాటలు. పిల్లలు వాటిని ఏలియన్ మాటలు అంటారు. బట్టీ పట్టారో, శబ్దాలు కలిపి చదువుతున్నారో అక్కడే తేలిపోతుంది.

పాప లెక్కల దగ్గర ఒక్క మాట. తీసివేతలో నువ్వు పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకునే పద్ధతి చెప్పబోతావు. ఆగు. వీళ్లు ఒక్కోసారి నంబర్ లైను గీయిస్తారు, ఒక్కోసారి సంఖ్యను పదులు, ఒకట్లుగా విడగొట్టిస్తారు. "బడిలో ఎట్ల చెప్పారో నాకు నేర్పించు" అని పాపనే అడుగు. తను టీచరవుతుంది, నువ్వూ నేర్చుకుంటావు. రెండు పద్ధతులు ఒకే రాత్రి చెప్తే ఏడుపులే.

ఇంకోటి. బడి ఫారంలో ఇంటి భాష అడిగినచోట ఇంగ్లీషు అని రాసి ఉంటే మార్పించు. తెలుగు అని రాస్తే కింది గ్రూపులో పడేస్తారని మనవాళ్లకు ఒక భయం. అది ఉత్తిదే. తెలిస్తే భాషలో సాయం ఎక్కడ కావాలో టీచర్‌కు అర్థమవుతుంది.

ప్రొద్దుటూరు నాన్న, స్లౌ:

అక్క చెప్పినదానికి నాదొక అనుభవం కలుపుతా. మావాడికి రోమన్ల పాఠం వచ్చినప్పుడు, ఇంట్లో ఒక రోమన్ డాలు చేసుకురమ్మన్నారు. నాకు ఊపు వచ్చేసింది. అమెజాన్ అట్టపెట్టె కోసి, ఎర్ర రంగు వేసి, బంగారు కాగితం అంటించి, రాత్రి ఒంటిగంటకు పూర్తి చేశా. వాడు ఎనిమిదిన్నరకే పడుకున్నాడు. మరుసటి రోజు ఎలా చేశావని టీచర్ అడిగితే, "నాకు తెలీదు, మా నాన్న చేశాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు" అన్నాడంట. పేరెంట్స్ ఈవెనింగ్‌లో టీచర్ నవ్వుతూనే చెప్పింది కానీ, తలెత్తలేకపోయా. ఆ తర్వాత వంకరగా ఉన్నా వాడు చేసిందే పంపిస్తున్నాం. మార్చిలో వరల్డ్ బుక్ డే వస్తుంది, పుస్తకాల్లో పాత్రల వేషాలు వేసుకుని రావాలి. దానికీ డబ్బులు తగలేయకండి. పాత చొక్కా, కాస్త అట్ట చాలు.

ఇప్పుడు ఎక్కాల సంగతి, మీ పాప ఇయర్ ఫోర్ కాబట్టి. జూన్‌లో మల్టిప్లికేషన్ టేబుల్స్ చెక్ ఉంటుంది. కంప్యూటర్ మీదో ట్యాబ్ మీదో 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. 12వ ఎక్కం దాకే. మన పిల్లలు ఇరవై ఎక్కాలూ అప్పజెప్తారు కదా అని ధీమాగా ఉండొద్దు. మావాడికి ఏడెనిమిదులు ఎంతరా అంటే "ఏడొకట్ల ఏడు" దగ్గర మొదలుపెట్టి దిగేవాడు. 6 సెకన్లలో అది సాగదు. బట్టలు మడతపెడుతూ, కారులో పోతూ, మధ్యలోంచి తీసి అడగండి. 6, 7, 8, 9, 12 ఎక్కాలు ఎక్కువ అడుగుతారు. తెరమీద వచ్చేవి అంకెలే కాబట్టి మనసులో "ఏడెనిమిదులు యాభై ఆరు" అని తెలుగులో అనుకున్నా ఫర్వాలేదు, 56 కొడితే చాలు. పాస్, ఫెయిల్ అని గీత ఏమీ లేదు.

సంక్రాంతికి వారం ముందే వచ్చేస్తాం, హోంవర్క్ విమానంలో చేయిస్తాం అని మాత్రం బడిలో అనకండి. బడి రోజుల్లో అనుమతి లేకుండా ఐదు రోజులు మానిపిస్తే జరిమానా పడొచ్చు. ఒక్కో పిల్లకు, తల్లికి వేరే తండ్రికి వేరే, 80 పౌండ్లు. ఆలస్యం చేస్తే 160.

కడప అవ్వ, కడప నుంచే:

నేను రిటైరైన టీచర్ని అమ్మా. బిడ్డ దగ్గర లండన్‌లో ఆరు నెలలు ఉండి వచ్చా. మనవరాలికి ఒక వారం, మీ కుటుంబం ఊరికి సంబంధించిన పాతకాలపు మనిషి గురించి తెలుసుకు రమ్మన్నారు. మా అల్లుడు వెంటనే గూగుల్‌లో గాంధీగారిని తీశాడు. మన ఊరి మనిషి కావాలంటే ఆయనెందుకు అని, నేను బ్రౌన్ దొర కథ చెప్పా. 1798లో కలకత్తాలో పుట్టిన తెల్లదొర, మన కడపకు ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు, తాళపత్రాలు వెతికించి రాయించాడు, నిఘంటువు చేశాడు, వేమన పద్యాలు అచ్చు వేయించాడు. మా ఊళ్లో ఆయన పేరుతో లైబ్రరీ ఉంది. ఆయన 1884లో పోయింది లండన్‌లోనే, సమాధి కెన్సల్ గ్రీన్‌లో ఉంది. ఆదివారం ట్యూబ్ ఎక్కి అందరం పోయి చూసొచ్చాం. మనవరాలు వేమన పద్యం ఒకటి తెలుగులో రాసుకుని క్లాసులో చదివిందంట. అక్షరాలు గుండ్రంగా ముత్యాల్లా ఉన్నాయని పిల్లలందరూ తమ పేర్లు కూడా తెలుగులో రాసివ్వమన్నారంట. ఇరవై తొమ్మిది పేర్లు రాసింది పాపం, చెయ్యి నొప్పి పుట్టి.

ఆ వంట హోంవర్క్‌కు పాస్తా, పిజ్జా అంటూ పోవద్దు. ఉగ్గాని చేయించు. పాపే చెయ్యగలిగిన వంట అది. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండాలి, ఆలస్యమైతే ముద్దవుతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి తిరగమోత నువ్వు వెయ్యి, పొయ్యి దగ్గరికి దాన్ని రానీకు. పప్పుల పొడి చల్లి కలపడం దాని పని. ముంచు, పిండు, కలుపు, చల్లు అని ఒక్కో పనిని ఒక్కో లైనుగా రాయమను. వాళ్లకు కావలసింది అదే, వరసగా చెప్పడం. ఎంతమందికి ఎన్ని కప్పులు అని కొలిపించావంటే లెక్క కూడా అయిపోతుంది.

కర్నూలు అమ్మ, రెడింగ్:

అందరికీ చాలా థాంక్స్. బాబుతో ఆ బొమ్మల పుస్తకం తెలుగులో చదివాం, అంటే వాడు చదివాడు. కుక్కకు మా వీధి కుక్క పేరు పెట్టాడు. అదే రికార్డులో రాశా. టీచర్ కింద నవ్వుమొహం గీసి పంపింది.

ఉగ్గాని మాత్రం చెడింది అవ్వా. బొరుగులని సూపర్‌మార్కెట్‌లో ఒక ప్యాకెట్ తెచ్చా, నీళ్లలో వేయగానే గంజి అయిపోయింది. పాప ఒకటే నవ్వు. బొరుగులు ఇక్కడ ఏ పేరుతో దొరుకుతాయి?

అనంతపురం అక్క, లీడ్స్:

అది పొద్దున పాలల్లో వేసుకునేది చెల్లీ! ఇండియన్ షాపుకు పోయి మమ్రా అని అడుగు. చాలా రకాలు ఉంటాయి, పల్చటివి వద్దు, లావుగా ఉన్నవి తీసుకో. పప్పుల పొడికి కావలసిన పుట్నాలు దాలియా అన్న పేరుతో ఉంటాయి. పొట్టు తీసినవేనా అని ప్యాకెట్ తిప్పి చూసుకో.